మూడో గోడ

చెల్లాయికి,

నువ్వు నిండుగా నూరేళ్ళు చల్లగా ఉండాలని దీవిస్తూ మీ అన్నయ్య రాస్తున్నాను. ఇక్కడ నేను, మీ వదిన, అమ్మ బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళు తప్ప ఇంట్లో అన్నీ చెప్పిన మాట వింటున్నాయి. నువ్వు వేళకి తింటున్నావో లేదో అడగమంది, అడిగేశాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని విసుక్కోకు. ఫోన్లో అయితే నేను ఒక మాట మొదలుపెట్టేలోగా నువ్వు పది మాటలతో అడ్డొస్తావు. ఇది చివరిదాకా వినాల్సిన సంగతి.

కొట్టు ఎలా ఉందని అడిగావు. పాత గేమ్ కన్సోళ్ళు బాగుచేసే కొట్టు ఎలా ఉంటుందో అలాగే ఉంది. బల్ల నిండా విప్పిన కంట్రోలర్లు, స్క్రూలు, తీగముక్కలు. వారం నుంచి వాన వదలడం లేదు. నేను ఇంటికి రాగానే అన్నం కూడా టంకం వాసన కొడుతోందని మీ వదిన ముక్కు మూసుకుంటోంది. నువ్వే అన్నావుగా, ఆవిడ సహనానికి దండం పెట్టాలని. పెడుతూనే ఉన్నాను.

ఇంకో ప్రశ్న వేశావు. ఈ కాలం ఆటల మీద పెద్దాయన ప్రభావం నిజంగా అంత ఉందా, లేక ముసలివాళ్ళ బడాయా అని మీ ఆఫీసులో వాదించుకున్నారట. నాన్న తను పనిచేసే కన్సోళ్ళ కంపెనీని పెద్దాయన అనేవాడు. అప్పట్నించీ మనింట్లో దానికి అదే పేరు, మీ ఆఫీసుకి కూడా నువ్వే అంటించినట్టున్నావు. ఆ వాదించేవాళ్ళని ఒకసారి నా బల్ల దగ్గరకి రమ్మను. ఏ కంపెనీ కంట్రోలర్ విప్పినా ఎడమ బొటనవేలి కింద నడిపించే మీట, కుడి బొటనవేలి కింద దూకించే మీట. వాటిని ముందుగా అక్కడ పెట్టింది ఎవరు? ఆట మొదలవగానే ఎవరూ చెప్పకుండానే కుడివైపుకి పరుగెడతాం. నేర్పింది ఎవరు? పెద్దాయన పేరు కూడా వినని పిల్లలు నా కొట్టుకి వస్తారు. వాళ్ళ వేళ్ళు మాత్రం ఆయన చెప్పినట్టే వింటాయి. ఇదివరకు అది తలుచుకుంటే ముచ్చటేసేది. ఈమధ్య భయమేస్తోంది.

మీ పక్క వీధిలో నీలాగే ఆటలు తయారుచేసే చిన్న స్టూడియోవాళ్ళు పెద్దాయన దగ్గర్నించి నోటీసు రాగానే ఆట ఆపేసి, తాళం వేసుకుని పోయారని రాశావు. "వాళ్ళు కాపీ కొట్టారు, వాళ్ళ ఖర్మ. నా ఆటలో ప్రతీదీ నా బుర్రలోంచి పుట్టిందే" అని కూడా రాశావు. అది చదివి కంచం పక్కకి జరిపేశాను.

నీ ఆట ఎలా ఉందని అడిగినప్పుడల్లా మాట దాటేశాను. బాగుందే. చాలా బాగుంది. నువ్వు పంపిన నమూనా కొట్లో టీవీకి పెట్టి వచ్చినవాళ్ళందరి చేతా ఆడిస్తున్నాను. అందరూ మూడో గోడ దగ్గర పడిపోతారు. గోడకి వీపు తిప్పి, ఒక్క అడుగు వెనక్కి వేస్తే అది దారి ఇస్తుందని ఎవరికీ తట్టదు. నీ ఆటకి ప్రాణం అదే. కలలో తట్టిందని అందరితో గొప్పగా చెప్పుకుంటున్నావు. నేను మాత్రం మొదటిసారే దాటేశాను. ఆలోచించింది లేదు, నా వేళ్ళే తిప్పేశాయి. వాటికి ఆ గోడ ఇదివరకే తెలుసు.

నీకు అప్పటికింకా పాలపళ్ళు ఊడలేదు. బజారులోకి రాబోయే ఆటల్ని ముందుగా ఆడి తప్పులు పట్టడం నాన్న ఉద్యోగం. ఒకసారి పేరు కూడా అతికించని బూడిదరంగు క్యాసెట్ ఒకటి ఇంటికి తెచ్చాడు. నిన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని, నీ వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి ఆడించేవాడు. నీది ఎడమచేతి వాటం కదా, కంట్రోలర్‌ని చేతులు అడ్డంగా మార్చి పట్టుకునేదానివి. గోడ దగ్గరకి రాగానే "వీపు చూపించు, వీపు చూపించు" అనేవాడు నాన్న. నువ్వు పడీపడీ నవ్వేదానివి. నీ తర్వాత వంతు నాది. ఆ ఆటని పెద్దాయన ఎందుకో బయటికి తేలేదు. నాన్న క్యాసెట్ తిరిగి ఇవ్వడం మరిచాడో, మనసొప్పలేదో, అది మనింట్లోనే ఉండిపోయింది. నువ్వు కల అనుకున్నది కల కాదు తల్లీ, నాన్న నేర్పింది.

ఇంతవరకూ అయితే నాలోనే దాచుకునేవాణ్ణేమో. మొన్న వానలో ఒకాయన కొట్టుకి వచ్చాడు. పెద్ద వయసు, పొడుగాటి నల్ల గొడుగు. బాగుచేయించడానికి ఏమీ తేలేదు. టీవీ ముందు నిలబడి, "ఒకసారి ఆడి చూడొచ్చా?" అన్నాడు. కంట్రోలర్ ఇచ్చాను. మొదటి గోడ దాటాడు, రెండోది దాటాడు. మూడో గోడ దగ్గర ఆగనైనా ఆగలేదు. వీపు తిప్పాడు, అడుగు వెనక్కి వేశాడు, లోపలికి వెళ్ళిపోయాడు. కంట్రోలర్ బల్ల మీద పెట్టి రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఎవరు చేశారండీ దీన్ని?"

"ఎవరో కొత్తవాళ్ళండీ. నమూనా ఇచ్చి వెళ్ళారు," అన్నాను.

"బాగా చేశారు. ఈ గోడ మా ఇంట్లోంచి ఒక్కసారే బయటికెళ్ళింది. ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట తేలుతుందని చూస్తూనే ఉన్నాం."

"మీ ఇల్లంటే ఎక్కడండీ?"

నవ్వాడు. "మీ నాన్నగారు మంచి పనిమంతుడు. ఆయన దగ్గర మా సామాను ఒకటి ఉండిపోయింది. సోమవారం వచ్చి పట్టుకెళ్తాను, తీసి ఉంచండి."

గుమ్మంలో గొడుగు విప్పి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"పాపది ఇంకా ఎడమచేతి వాటమేనా?"

నాన్న పేరు నేను చెప్పలేదు, నీ ఊసు అసలే ఎత్తలేదు. ఆయన మెల్లగా వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.

క్యాసెట్‌ని సుత్తితో కొట్టేద్దామని బల్ల మీద పెట్టాను. చెయ్యి రాలేదు. పోనీ నీ కోసం వేరే గోడ ఒకటి ఆలోచిద్దామని కూచున్నాను. ఏది ఆలోచించినా పెద్దాయనదే అవుతోంది. పరుగెత్తడం ఆయనదే, దూకడం ఆయనదే, పడి లేవడమూ ఆయనదే. ఆ వెనకడుగు ఒక్కటీ నాన్నదీ నీదీ అనుకున్నాను. వాళ్ళ కాగితాల్లో అదీ ఆయనదే.

ఆ గోడ తీసెయ్. నీ ఆటలోంచి నాన్నని తీసెయ్యమని నా చేత్తో నేనే రాయాల్సి వస్తుందనుకోలేదు, కానీ తీసెయ్. విడుదల ఆలస్యమైనా ఫరవాలేదు, నీ స్టూడియోకి తాళం పడకూడదు. ఇది చదవగానే ఫోన్ చేసి సరే అను చాలు, ఇంకేం మాట్లాడకు.

ఈలోగా ఎవరైనా గొడుగు పట్టుకుని మీ ఆఫీసుకొచ్చి, మీ ఆట ఒకసారి ఆడి చూపించమంటే, చేతులు మార్చకుండా కంట్రోలర్‌ని అందరిలాగే పట్టుకో. మూడో గోడ దగ్గర అందరిలాగే పడిపో.

ఇట్లు,
నీ మీదే ప్రాణాలన్నీ పెట్టుకున్న
మీ అన్నయ్య