మొగ దాటకముందే

హాంప్టన్ బేస్,
శుక్రవారం, జూన్ 10, 2005

మరిది వెండెల్‌కు,

నీ వదిన లొరెయిన్ దీవెనలు. నువ్వూ, మీ అమ్మాయి కోరిన్, దాని పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేం కులాసా అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

పొద్దుటి నుంచి నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాం. మీ అన్న గొంతు వింటే పెట్టేస్తావు. నేను చేస్తే అసలు తీయవు. అందుకే ఈ ఉత్తరం నీ తలుపు కింద తోస్తున్నాను. ఏదైనా వరసలో చెప్పకపోతే నాకు తోచదు, ఓపిగ్గా చదువు.

కిందటి ఆగస్టులో మొగలో, సముద్రం ఉరుకుతూ లోపలికి తోసుకొచ్చే చోట, మీ అన్న ఇంజను ఆగిపోయింది. అలలు పడవను రాళ్ల మీదికి నెడుతుంటే ఎవరో తాడు విసిరి లాక్కొచ్చారు. ఒడ్డెక్కగానే అందరి ముందూ నీ మీద విరుచుకుపడ్డాడు. "కార్బ్యురేటర్ బాగుచేశావా, నాకు గొయ్యి తవ్వావా?" అన్నాడు. నువ్వూ తక్కువ తినలేదు. "ఇంకోడి చేత చేయించుకో అన్నా, నా చేతులు నీకు అచ్చిరావు" అని వెళ్లిపోయావు. అప్పటి నుంచి మాటల్లేవు.

మొన్న కొత్త మెకానిక్ ఆ ఇంజను విప్పాడు. వాల్వుల నిండా తారులాంటి నల్లటి జిగట. ట్యాంకు కోసి చూస్తే లోపలి గోడ మెత్తబడిపోయింది. గోటితో గీస్తే గీత పడింది. కిందటేడు నుంచి పెట్రోలులో కలుపుతున్న మొక్కజొన్న ఇథనాల్ పాత ఫైబర్ గ్లాసు ట్యాంకుల్ని కరిగిస్తుందట. ఆ కరిగింది ఫిల్టరులో ఆగదు. పెట్రోలుతో పాటే ఇంజనులోకి పోయి పేరుకుంటుంది. మీ అన్న ఆ ట్యాంకు ముక్కను చాలాసేపు చేతిలో తిప్పి, "వాడి కార్బ్యురేటర్‌కేం రోగం లేదు" అన్నాడు. ఇంతకంటే పెద్ద క్షమాపణ పెళ్లయ్యాక నేనూ వినలేదు.

ఇప్పుడు నా గుండె దడకు కారణం చెబుతాను. మీ ఇద్దరి పడవలూ ఒకే అచ్చులో పోసినవి. ట్యాంకులూ అవే. ఎరల కొట్టు గ్రెటా చెప్పింది, నీ ఇంజను పొద్దున్నే దగ్గుతోందట. ఫిల్టరు మార్చి, "ముసలిదానికి జలుబు చేసింది" అని నవ్వావట. రేపు కోరిన్‌నూ పిల్లల్నీ ఎక్కించుకుని మొగ దాటుతున్నావని కూడా ఆవిడే చెప్పింది. అది జలుబు కాదయ్యా. అక్కడ ఇంజను ఆగితే తాడు విసిరేవాళ్లు అన్నిసార్లూ ఉండరు.

కోపముంటే మా మీద ఉంచుకో. పిల్లల్ని మాత్రం ఎక్కించకు.

నీ మేలు కోరే వదిన,
లొరెయిన్

తా.క. ఒకరు చెబితే వినే మనిషివి కాదని తెలుసు. అందుకే నువ్వు మధ్యాహ్నం క్షవరానికి వెళ్లినప్పుడు నేను నీ పడవ ఎక్కాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలి రోటరు పట్టుకొచ్చాను. అది లేకుండా ఎంత తిప్పినా ఇంజను రాజుకోదు. మీ అన్న రేవులో ఈల వేస్తూ కాపలా కాశాడు. అంత అనుమానం పుట్టించే మనిషిని నేనెక్కడా చూడలేదు. రోటరు ఇప్పుడు ఆయన చొక్కా జేబులో ఉంది. "వాడొచ్చి నన్నడిగితేనే ఇస్తా" అంటున్నాడు. తిట్టడానికైనా సరే, రా.