ఆపడం మరిచిన టాక్‌బ్యాక్ బటన్

అక్కా,

నేను కులాసాగానే ఉన్నాను, మనసే ఒకచోట నిలవడం లేదు. అమ్మకు ఆపరేషన్ అయిందని రాశావు, ఎలా ఉందో రాయలేదు. నీ బద్ధకం ఇంకా పోగొట్టుకున్నావు కాదు.

ఇవాళ స్టూడియోలో, అద్దం అవతల పాడే గాయనితో మాట్లాడే టాక్‌బ్యాక్ బటన్ నొక్కి, ఆపడం మరిచాను. "అమ్మ లేచి కూర్చుందో లేదో, ఒక ముద్దయినా తిన్నదో లేదో" అని నేను గొణుక్కున్నదంతా ఆవిడ హెడ్‌ఫోన్లలో మోగింది. ఆవిడ చరణం మధ్యలో ఆగిపోయింది. చీవాట్లు తప్పవనుకున్నాను. "ముందు ఇంటికి రాయమ్మా, పాటెక్కడికీ పోదు" అని హెడ్‌ఫోన్లు తీసి మైకు స్టాండుకు తగిలించింది.

అందుకే ఈ కార్డు. వెంటనే జవాబు రాయి. నా గళ్ల దుప్పటి అమ్మకు కప్పు, బీరువాలో దాచకు. బావగారిని, పిల్లలను అడిగానని చెప్పు. అమ్మను మాత్రం ఆవిడా నేనూ ఇద్దరం అడిగామని చెప్పు.

నీ చెల్లి