ఇరవై రెండు వేల అడుగులు

ఎమ్మిగనూరు, మే 12

చి.సౌ. అరుణకుమారికి పెద్దమ్మ సరోజమ్మ దీవించి రాయునది.

నీ ఒళ్లెట్లా ఉంది? మీ ఆయన ఈరేష్‌కు కడుపు ఉబ్బరం తగ్గిందా? నీ కూతురు పద్మకు దగ్గు పోయిందా? మీ అత్తగారి కంటి పొర సంగతేమైంది? ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కదాన్నే. నాకూ అంత క్షేమం లేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నవ్వుతావు. మొన్న పక్కింటి నసీబ్‌బీతో అరుగు మీద మోకాళ్ల నొప్పి మాట చెప్పుకున్నాను. ఫోన్ పక్కనే ఉంది. మర్నాడు తెరిస్తే మోకాళ్ల తైలం బొమ్మ! "సరోజక్కా, అది వింటాండాది. దాని ముందర నా కోడలి మాట ఇంక నేనెత్తను" అన్నది నసీబ్‌బీ. అందుకే కాగితం.

గుండె డాక్టరు చెప్పినట్టే మగ్గం మానేసినాను. మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. నా గుండె లెక్క చూడటానికి నువ్వు కట్టిన వాచీ ఎడమ చేతికే ఉంది. దిగులు పడొద్దు. దిగులు పడటానికి నేనున్నాను.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. స్నానం చేసేటప్పుడు వాచీని గోడవైపు తిప్పి పెడతాను. ఎంతైనా పరాయిది.

*

ఆదోని, మే 17

పెద్దమ్మకు అరుణ నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నేనూ బాగున్నాను. మన రెండు వాచీలకూ ఖాతా ఒకటే కదా, నీ లెక్కలన్నీ నా ఫోన్‌లో కనిపిస్తాయి. రోజూ పది నుంచి నాలుగు వరకు నువ్వు ఇరవై రెండు వేల అడుగులు నడుస్తున్నావట! మ్యాప్ చూస్తే ఇల్లు దాటలేదు. ఆ మోకాళ్లతో ఆరు గంటలు ఇంట్లో ఎక్కడ తిరుగుతున్నావు? వంటింటికి దారి మరిచిపోతున్నావా? నిజం రాయి.

నీ అరుణ

తా.క. నిన్ను చూసి గర్వపడమని కంపెనీవాళ్లు నాకు పతకం బొమ్మ పంపారు.

*

ఎమ్మిగనూరు, మే 22

చి.సౌ. అరుణకు దీవెనలు.

నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. నేను లక్ష ప్రదక్షిణలు మొక్కుకున్నాను. తులసికోట చుట్టూ తిరుగుతున్నాను. అంతే. నడిస్తే గుండెకు మంచిదని డాక్టరే అన్నాడు గదా.

నా బెంగంతా ఇది: నీతో చెప్పిన వాచీ ఇంకెవరితో చెప్పింది? "దానికి నోరే లేదు గదక్కా, ఎట్లా సెప్తాది?" అని నసీబ్‌బీ ధైర్యం చెప్పింది. నోరున్నదైతే మూసేదాన్ని గదా!

ఇట్లు, భయంతో
పెద్దమ్మ

తా.క. నిన్నటి నుంచి వాచీకి గుడ్డ చుట్టినాను. ఇక మీదట అది చెప్పేది నమ్మొద్దు. చూడకుండా చెప్తాంది.

*

ఆదోని, మే 27

పెద్దమ్మా, నమస్కారాలు.

మీ ఇంట్లో తులసికోట ఎక్కడుంది? పగిలిపోయిందని పోయినేడు నా ఎదురుగానే తీయించావు. లేని తులసికోట చుట్టూ ఎట్లా తిరుగుతున్నావు?

వాచీ కంపెనీ సహాయ నంబరుకు ఫోన్ చేశాను. "పెద్దావిడ ఒక్కరే ఉంటారా? ఇంట్లోనే గుండ్రంగా తిరుగుతారా? లేనివి ఉన్నాయంటారా?" అని అడిగారు. అన్నిటికీ అవునన్నాను. మర్నాటి నుంచి నా ఫోన్ నిండా మతిమరుపు మాత్రలు. ఏదో వృద్ధాశ్రమం వాళ్లు ఫోన్ చేసి, సరోజమ్మగారికి కిటికీ ఉన్న గది ఉందన్నారు. వాళ్లకు నీ పేరు నేను చెప్పలేదు! వాచీ కొన్నరోజు "అంగీకరిస్తున్నాను" అని పదిసార్లు వచ్చింది. చదవకుండా పదిసార్లూ నొక్కాను. తప్పు నాదే.

ఇట్లా తిరుగుతూ నువ్వు మగ్గం గుంటలో పడితే నేను తట్టుకోలేను. జూన్ రెండో వారంలో గోనెగండ్ల నుంచి మనుషులు వచ్చి మగ్గం ఎత్తేస్తారు. కాదనకు.

నీ అరుణ

తా.క. నీ వివరాలన్నీ తుడిచేయమని కంపెనీకి రాశాను. తుడవమన్నది నువ్వేనని రుజువుకు నీ ఆధార్, ఫోటో, వేలిముద్ర పంపమన్నారు.

*

ఎమ్మిగనూరు, జూన్ 3

నా తల్లి అరుణకు, పెద్దమ్మ రాయునది.

ముందు నా తప్పు చెప్తాను. నాకు మతి పోలేదు. ప్రదక్షిణలు అబద్ధం. నేను రోజూ మగ్గం నేస్తున్నాను. కుడిచేత్తో తాడు లాగితే నూలుకండె ఉన్న నాడె అటూ ఇటూ పోతుంది, ఎడమచేత్తో పోగును బిగించే పలక గుద్దాలి. గుద్దిన ప్రతిసారీ ఆ వాచీ ఒక అడుగని రాసుకుంది. నేను ఒక్క అడుగు కూడా వేయలేదు తల్లీ, కూర్చునే ఉన్నాను. చెబితే మగ్గం ఎత్తిస్తావని దాచినాను. చెప్పకపోతే పిచ్చిదాన్ని చేస్తారు. మూడు రోజులు ఏది మేలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

నిన్న ఆశ్రమం అమ్మాయి నాకే ఫోన్ చేసింది. "అమ్మా, అరుణకుమారి మేడం ఇంక మిమ్మల్ని చూసుకోలేరు కదా, మా దగ్గరకు రండి" అన్నది.

"ఎందుకు సూసుకోలేదు? అది నా సెల్లెలి కూతురు" అన్నాను.

"మేడం ప్రతి మంగళవారం కర్నూలులో క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్తున్నారు కదమ్మా. రెండు వాచీలూ ఒకే ఖాతా, మాకు వచ్చిన వివరాల్లో ఉంది. మీకు తెలియదా?"

"తెలుసు" అన్నాను. పరాయిదాని ముందర తెలియదని ఎట్లా అనేది?

ఫోన్ పెట్టేసి నసీబ్‌బీ దగ్గర ఏడ్చినాను. "మా ఆడబిడ్డకూ అయిందక్కా, బాగైపోయింది. మందుకు జుట్టు ఊడతాది, మళ్లా వస్తాది. యాడ్సొద్దు" అని, తనూ ఏడ్చింది.

నేను దిగులు పడతానని దాచినావా అమ్మీ? పుట్టినప్పటి నుంచి దిగులు పడటం తప్ప నాకేం వచ్చని? ఈరేష్ కడుపుబ్బరానికి కూడా దిగులు పడినాను. దీనికి పడనిస్తే నీ సొమ్మేం పోయింది? నువ్వు నాకు చెప్పలేదు, నేను నీకు చెప్పలేదు. మనిద్దరం దాచింది ముక్కూమొహం తెలియనిదానికి తెలుసు.

మగ్గం ఎత్తించుకో. మొన్నటిదాకా అదే నాకు పెద్ద భయం. మగ్గం మీద మెత్తటి నూలు ఏడు మూరలు అయింది. కోసి తెస్తున్నాను. తలకు చుట్టుకో, గుచ్చుకోదు.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క. వాచీని నసీబ్‌బీ బియ్యం డబ్బాలో వేసినాను. ఇక నుంచి నా గుండె ఆ డబ్బా అడుగున కొట్టుకుంటుంది, రాసుకోనీ. నేను బయల్దేరేది దానికి తెలియదు, ఎక్కడా చెప్పొద్దు. మంగళవారం కర్నూలుకు నీ పక్క సీట్లో నేను కూర్చుంటాను, అందుకని ముందురోజే ఆదోనిలో దిగుతున్నాను: జూన్ 9, సోమవారం, పొద్దున పది గంటల బస్సుకు.