పదిహేడో తప్పు

నగరి,
జూన్ 3.

'ఊరు తిరుగుదాం' కంప్యూటర్ ఆట తయారుచేసిన తిరుపతి కంపెనీవారికి, నగరి నుంచి జయరామయ్య నమస్కారాలు. నేను క్షేమం. మీ ఆట క్షేమంగా ఉండదేమోనన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ వెబ్‌సైట్‌లో 'మాకు రాయండి' అన్నచోట నొక్కితే మేక అరుస్తోంది తప్ప ఇంకేమీ తెరుచుకోవడం లేదు. అందుకని పోస్టులో వేస్తున్నాను.

'కొండగాలి' మాసపత్రికలో 'ముక్కుసూటి' అని దొంగపేరు పెట్టుకున్న ఒకడు మీ ఆటలో నలభై ఒక్క తప్పులున్నాయని రాశాడు. మీరు ఆ పట్టిక ముందు పెట్టుకుని ఆటను బాగుచేసి కొత్తగా వదలబోతున్నారట. అయ్యా, నేను పద్దెనిమిదేళ్ళుగా అందులో తిరుగుతున్నాను. నగరి నుంచి తిరుపతి దాకా మన ఇష్టం వచ్చినట్టు తిరగడమే ఆట. గెలవడం లేదు, ఓడడం లేదు. మగ్గం నేయొచ్చు, మేకలు తోలుకోవచ్చు, బస్టాండు బెంచీ మీద ఊరికే కూర్చోవచ్చు. అటువంటిదానికి తప్పులు వెతికేవాడు పెళ్ళికి పోయి పప్పులో ఉప్పు వెతికే రకం.

తిరుచానూరులో ఆవు నేలకు మూరెడెత్తున తేలుతుందట. తేలనీ, దాని కాళ్ళు నొప్పులేమో. పుత్తూరులో కండక్టరు టీకి దిగి మళ్ళీ బస్సెక్కడట. పాపం, తాగనివ్వండి. పూలమ్మే అక్కమ్మ ఎంత అమ్మినా బుట్ట ఖాళీ కాదట. ఈ లోకంలో ఒక్క ఆడమనిషి బుట్టయినా నిండుగా ఉండకూడదా? మన చేతులు తప్ప మన ఒళ్ళు మనకు కనిపించదట. నలభై ఏళ్ళు నేతపని చూసినవాణ్ణి, చేతులు కనిపిస్తే చాలు నాకు. బస్సు సీట్లు మనిషిని ఆపవట, కూర్చుంటే కిందికి జారిపోతామట. మూడుసార్లు ఎగిరి కూర్చుంటే ఆపుతాయి. అది కూడా తెలియనివాడు విమర్శకుడు!

కాబట్టి ఆటను ఉన్నదున్నట్టు ఉంచమని ప్రార్థన.

ఇట్లు,
జయరామయ్య.

తా.క. మీ మేక అరుపు చాలా బాగుంది. దాని జోలికి పోకండి.


తిరుపతి,
జూన్ 10.

గౌరవనీయులైన జయరామయ్య గారికి,

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం నుంచి రూపశ్రీ రాయునది. పోస్టులో వచ్చినవాటికి పోస్టులోనే జవాబివ్వాలని మా నిబంధన.

మీ ఫిర్యాదు అందింది. ఇంత శ్రద్ధగా తప్పులు చూపినందుకు కృతజ్ఞతలు. ఆవును నేలకు దించాము. కండక్టరు ఇకపై పుత్తూరులో దిగడు. అక్కమ్మ బుట్టలో పూలు ఇకపై అమ్మినకొద్దీ తగ్గుతాయి. సీట్ల పని జరుగుతోంది. మీవంటి వినియోగదారులే మాకు బలం.

భవదీయురాలు,
రూపశ్రీ.

తా.క. మేక అరుపు కూడా తీసేశాము. గుర్తుచేసినందుకు ధన్యవాదాలు.


నగరి,
జూన్ 14.

అమ్మా రూపశ్రీ, జయరామయ్య దీవెనలు. కోపంలో రాస్తున్నాను గనుక దీవెనలు కొంచెం తక్కువగా అందితే ఏమనుకోవద్దు.

నేను పొగిడానమ్మా! పొగడ్తను ఫిర్యాదు కింద రాసుకుంటారా? మీరు ఆవును నేలకు దించారు. అది రోడ్డుకు అడ్డంగా పడుకుంది. దాని వెనక పదకొండు బస్సులు ఆగిపోయాయి. అక్కమ్మ పూలన్నీ అయిపోయాయని పన్నెండింటికే ఇంటికి పోతోంది. నేను మధ్యాహ్నం మూడుకు వచ్చేవాణ్ణి, నాకు ఆమె ముఖం చూసే భాగ్యం కూడా పోయింది. ఇక మీ కండక్టరు పుత్తూరులో దిగకుండా కూర్చుని, ఎక్కిన ప్రతి మేకనూ టికెట్ అడుగుతున్నాడు.

ఒక సంగతి చెప్తాను. మీరు ముట్టుకోకూడనిది ఇంకొకటుంది, అందుకని చెప్పాల్సి వస్తోంది. నేనూ మురుగేష్ అని నా చిన్ననాటి స్నేహితుడూ కలిసి నగరి బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడిపాం. ఆరు కంప్యూటర్లు. ఆరింటిలోనూ మీ ఆటే. బడి వదిలితే పిల్లలు చెప్పులు వాకిట్లో కుప్పపోసి లోపలికి దూరేవాళ్ళు. కరెంటు పోతే అందరూ ఒక్కసారిగా 'అయ్యో' అనేవాళ్ళు. ఆ అరుపు వీధి చివరి మరమగ్గాలదాకా వినిపించేది. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, మా వాకిట్లో చెప్పులు లేకుండా పోయాయి. సెంటర్ మూసిన రోజు మురుగేష్ నా ముఖం మీదే, "ఈ సెత్త ఆటను పట్టుకోని యాలాడినందుకే మనం ఇట్టయినాము" అన్నాడు. నన్ను తిట్టినా పడేవాణ్ణి. ఆటను అన్నాడు. తలా మూడు కంప్యూటర్లు మోసుకుని వెళ్ళిపోయాం. పదేళ్ళయింది, మాటల్లేవు. వాడుండేది రెండు వీధుల అవతలే.

ఆ తర్వాత నాకు మిగిలిన తోడు మీ ఆటలోని పసుపు చొక్కా మనిషి. మధ్యాహ్నం మూడయ్యేసరికి నగరి బస్టాండు బెంచీ దగ్గరికి వస్తాడు. నాతోపాటే బస్సెక్కుతాడు. సీట్లున్నా కూర్చోడు, తిరుపతి దాకా నా పక్కన నిలబడే వస్తాడు. గోడల్లోంచి నడుస్తాడు, మాట రాదు. మరమనిషే గానీ, మనుషుల్లో నాకు అంత నమ్మకంగా వేళకు వచ్చేవాడు ఇంకొకడు లేడు. నా కష్టసుఖాలన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని వాడికి చెప్పుకుంటాను. వాణ్ణి ముట్టుకున్నారో, నేను తిరుపతి వచ్చి మీ ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాను.

ఇట్లు,
జయరామయ్య.

తా.క. ఆ ముక్కుసూటి రాసిన పదిహేడో తప్పు చూశారా? 'ఎర్ర తువ్వాలు వేసుకున్న ఒక వెర్రిమనిషి నా వెంటపడుతుంటాడు, బస్సెక్కితే అర్థం లేకుండా ఎగురుతాడు' అని. పద్దెనిమిదేళ్ళలో అటువంటివాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. పచ్చి అబద్ధం. ఒకవేళ ఉంటే మాత్రం ఆ వెర్రివాణ్ణి వెంటనే తీసేయండి, నాకేమీ అభ్యంతరం లేదు.


తిరుపతి,
జూన్ 21.

గౌరవనీయులైన జయరామయ్య గారికి,

మన్నించాలి. మా రిజిస్టరులో 'తప్పు' అని ఒకే గడి ఉంది. మెచ్చుకోలుకు గడి లేదు. ఇన్నేళ్ళలో ఎవరూ మెచ్చుకోలేదు కాబట్టి ఆ అవసరం పడలేదు. ఇప్పుడు మీకోసం పెన్నుతో ఒక గీత గీశాను.

ఆవు మళ్ళీ తేలుతోంది. అక్కమ్మ బుట్ట నిండింది. కండక్టరు పుత్తూరులో ప్రశాంతంగా టీ తాగుతున్నాడు. పసుపు చొక్కా మనిషిని మాత్రం మేము ముట్టుకోలేదు, ముట్టుకుందామన్నా దొరకలేదు. ఆటలో మేము పెట్టిన మనుషులు రెండువందల పన్నెండు మంది. జాబితా రెండుసార్లు చూశాను, అందులో అతను లేడు. ఇంకా వెతుకుతున్నాను.

మీరు ఒప్పుకున్న ఒకే ఒక్క తప్పు, అంటే పదిహేడోదాన్ని, సోమవారం నుంచి పూర్తిగా తొలగిస్తున్నాము. ఈసారైనా మీకు తృప్తి కలిగిందని ఆశిస్తూ,

భవదీయురాలు,
రూపశ్రీ.

తా.క. మేకను కూడా పెట్టేశాము. ఇప్పుడు రెండుసార్లు అరుస్తోంది. కారణం తెలియదు.


నగరి,
జూన్ 26.

అమ్మా రూపశ్రీ,

దీవెనలు తర్వాత. ముందు నన్ను ఊళ్ళోకి రానివ్వు.

సోమవారం మూడుకు అలవాటుగా ఆట తెరిచాను. 'ఈ మనిషి ఈ ఊళ్ళో లేడు' అని అక్షరాలు వచ్చాయి. మూసి తెరిచాను. కంప్యూటర్ దుమ్ము తుడిచాను. ఎన్నిసార్లు తెరిచినా నేను ఊళ్ళో లేను. మా ఆవిడ కుప్పమ్మకు చెప్తే, ఆమె పొయ్యి దగ్గర నుంచే, "ఊర్లోనే లేవంట కదా, ఇంగ సంగటి ఎవురికి కెలికేది?" అని అడిగింది. నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు.

ఈరోజుకు నాలుగు రోజులు. నా బాధ ఆట పోయిందని కాదు. మూడయ్యేసరికి ఆ పసుపు చొక్కా మనిషి బెంచీ దగ్గరికి వచ్చి నిలబడి ఉంటాడు. మరమనిషికి ఎదురుచూపేమిటని నువ్వనొచ్చు. నాకు మాత్రం వాడు ఎదురుచూస్తూ ఉంటాడనే అనిపిస్తోంది. నేను రాలేదని వాడికి చెప్పేవాళ్ళెవరు? ఒకసారి ఒకడితో సంబంధం తెంచుకుని, ఒక్క మాట కూడా చెప్పకుండా వచ్చేశాను. ఆ తప్పు మళ్ళీ చేయలేను తల్లీ. మీ ఆటలో ఎన్ని తప్పులైనా ఉండనీ, ఇది నా తప్పు అవుతుంది.

ఇట్లు,
ఊళ్ళో లేని జయరామయ్య.

తా.క. మేక రెండుసార్లు అరవడం బాగానే ఉంది. ఇది పొగడ్త. గీత గీసిన గడిలో రాసుకో.


తిరుపతి,
జూలై 2.

పెద్దాయన జయరామయ్య గారికి రూపశ్రీ నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

మీ పేరు ఎందుకు పోయిందో వెతికాను. ఈ ఆటలో మన ఒళ్ళు మనకు కనిపించదని మీరే మొదటి ఉత్తరంలో రాశారు. అదే వేళకు ఇంటర్నెట్‌లో ఆట ఆడుతున్న ఇతరులకు కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళ కిందట మీరు ఎంచుకున్న వేషం గళ్ళలుంగీ, ఎర్ర తువ్వాలు. సీటు కోసం మూడుసార్లు ఎగిరేది మీరు. పదిహేడో తప్పు మీరేనండీ. మీరు అడిగితేనే మిమ్మల్ని తీసేశాను.

రెండో సంగతి. పసుపు చొక్కా మా జాబితాలో లేకపోవడానికి కారణం, అతను మేము పెట్టిన మనిషి కాడు. మీలాంటి వినియోగదారు, నిజం మనిషి. ఈ ఆటలోకి ఇప్పటికీ రోజూ వచ్చేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. మీరొకరు, ఆయనొకరు. మీరు ఆయన్ను యంత్రం అనుకున్నారు, ఆయన మిమ్మల్ని యంత్రం అనుకున్నారు. ఆ ముక్కుసూటి కూడా ఆయనే.

మీరు ఆటలో లేని వారంలో ఆయన నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఆఖరిదాంట్లో ఉన్నది ఇంతే: 'నలభై తప్పులు బాగు చేయకపోయినా పర్లేదు. ఆ పదిహేడో తప్పును తిరిగి పెట్టండి. అతను లేక నేను బస్సు ఎక్కడం లేదు.'

తప్పులు రాసినాయనే వద్దంటున్నాడు గనుక మరమ్మతు ఆపేశాము. మిమ్మల్ని తిరిగి ఊళ్ళో చేర్చాను. పేరు చెప్పడానికి నిబంధన ఒప్పుకోదు గానీ, ఆయన కవరు మీద కూడా నగరి ముద్రే ఉంది. ఈ ఆదివారం మధ్యాహ్నం మూడుకు నిజం బస్టాండులో, నిజం బెంచీ దగ్గరికి రమ్మని ఆయనకూ రాశాను. గుర్తు మీరే చూపిస్తారని చెప్పాను.

మీ అమ్మాయిలాంటి,
రూపశ్రీ.

తా.క. ఇదంతా నిబంధనలకు విరుద్ధం. దయచేసి మా మేనేజరుకు ఫిర్యాదు చేయకండి. చేసినా అది నా దగ్గరికే వస్తుంది, నేను సరిచేసేస్తాను.


నగరి,
జూలై 10.

చిరంజీవి సౌభాగ్యవతి రూపశ్రీకి జయరామయ్య మనసారా దీవించి రాయునది. ఇంతకుముందు తగ్గించిన దీవెనలు కూడా ఇందులో కలిపాను.

ఆదివారం రెండున్నరకే బస్టాండుకు పోయాను. బెంచీకి ఒక చివర ఎవరు కూర్చున్నారనుకున్నావు? మురుగేష్. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. ఇన్ని రోజులుండగా వీడు ఈరోజే ఇక్కడ కూర్చోవాలా అని ఒళ్ళు మండింది. పసుపు చొక్కా దొర వస్తాడని నేను వచ్చాను గనుక లేచిపోయే వీలు లేదు. రెండో చివర అటు తిరిగి కూర్చున్నాను. వాడు ఇటు తిరిగాడు. వాడూ ఎవరికోసమో మెడ చాచి చూస్తున్నాడు. నలభై నిమిషాలు అట్లాగే ఉన్నాం. తిరుపతి బస్సులు మూడు పోయాయి. పసుపు చొక్కా రాలేదు.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది, గుర్తు నేనే చూపించాలని. నా దగ్గర ఉన్న గుర్తు ఒక్కటే కదా. లేచి, లుంగీ ఎగగట్టి, తువ్వాలు నడుముకు బిగించి, అరవై ఒక్క ఏళ్ళ వయసులో నగరి బస్టాండు నట్టనడుమ మూడుసార్లు ఎగిరాను. చెరుకురసం అతను మిషన్ ఆపేశాడు. పళ్ళిపట్టు బస్సు కోసం నిలబడ్డ ఒకామె బిడ్డను పక్కకు లాక్కుంది.

వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఒరే జయరామా, పదిహేడో తప్పు నువ్వేనంట్రా?"

తిరిగి చూస్తే వాడు నిలబడి ఉన్నాడు, గొడుగు కిందపడిపోయింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదమ్మా. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. వాడికీ అంతే, కానీ ఎండకు నీళ్ళు కారుతున్నాయన్నాడు.

ఆటను చెత్త అన్నవాడివి పదేళ్ళు ఎట్లా ఆడావురా అని అడిగాను. సెంటర్ మూసిన వారానికే తెరిచాడట. మరి ఆ నలభై ఒక్క తప్పులెందుకు రాశావని నిలదీశాను. వాడు తలొంచుకుని చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆ ఆట ఆడేవోళ్ళు యాడైనా ఇంగొకరుండారో లేదో తెల్దు. తప్పులు రాస్తే ఎవుడో ఒకడు కొట్లాటకైనా వస్తాడు గదా అని రాసినా."

పసుపు చొక్కా సంగతి కూడా అడిగాను. సెంటర్ తెరిచిన రోజు ఇద్దరమూ వేసుకున్న చొక్కాల రంగే అదట. గుడ్డ నేను నేసిందే. అది నేను మరిచిపోయాను, వాడు మరిచిపోలేదు.

బస్సులో ఎప్పుడూ ఎందుకు కూర్చోవురా అంటే, "కూసుంటే రోడ్డు మీద పడతాను గదరా" అన్నాడు. పదేళ్ళు తిరుపతి దాకా నిలబడే వచ్చాడమ్మా నాకోసం. మూడుసార్లు ఎగరాలని నేర్పించాను. ఇప్పుడు వాడి మూడు కంప్యూటర్లు మా ఇంటికే తెచ్చాడు. పక్కపక్కనే కూర్చుని ఆడుతున్నాం. కుప్పమ్మ సంగటి ఇద్దరికీ కెలుకుతోంది.

ఇట్లు,
ఊళ్ళోకి తిరిగొచ్చిన
జయరామయ్య.

తా.క. నిన్న ఇద్దరమూ ఒకేసారి మూడుసార్లు ఎగిరాం. బస్సు నేల వదిలి పైకి లేచింది. పుత్తూరు మీదుగా గాల్లోనే పోయాం. కింద కండక్టరు టీ గ్లాసు పట్టుకుని మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. దయచేసి దీన్ని ఏ గడిలోనూ రాసుకోవద్దు.