గంప దగ్గర నిశ్శబ్దం

మా ఇంటి కోళ్ల శాఖాధిపతి సువార్తమ్మ గారి సముఖానికి, ఆమె భర్త సమర్పించు నివేదిక.

తాము కన్నుమూసిన నెలలోపే, కోళ్ల కొక్కెర తెగులుకు తయారవుతున్న కొత్త టీకాను పరీక్షించడానికి సత్తెనపల్లి నుంచి డాక్టరమ్మ వచ్చారు. కంట్లో చుక్క వేయాలి. నేను పిలిస్తే ఒక్క కోడీ రాలేదు.

"మీ కోళ్లు మీ మాట వినవా అండి?"

"అవి మా ఆవిడ శాఖవండి."

చివరికి తమ పాత చీర భుజాన వేసుకుని పిలిస్తే అన్నీ వచ్చాయి. పక్కింటి యోహాను గోడమీంచి, "ఏరా, ఛార్జి తీసుకున్నావా?" అన్నాడు.

తర్వాత తెగులు ఊరంతా తిరిగింది. నిన్న మునిమాపున డాక్టరమ్మ మన గంపకు చెవి ఆనించి చాలాసేపు విన్నారు.

"దగ్గు లేదు, గురక లేదు. ఇంత నిశ్శబ్దంగా ఉందంటే టీకా పనిచేసినట్టేనండి," అన్నారు సంతోషంగా.

ఇంట్లోనూ అంత నిశ్శబ్దమేనని నేను చెప్పలేదు. నీ దగ్గు వినబడక నాకు నిద్ర పట్టడం లేదు, సువార్తా.