కళ్లు కుట్టిన కొంగ

మంగళవారం, 1964 డిసెంబరు. జన్నారం.

పొద్దున మంచు దట్టంగా పడింది. వల తాళ్లు బిగుసుకుపోయాయి. ఎండ వచ్చాక ఆరు కొంగలు చిక్కాయి. నేను పట్టుకుంటే, పక్షుల మీద పరిశోధనకు వచ్చిన సారు వాటి కాళ్లకు నంబరు ఉంగరాలు తొడిగి వదిలేశారు. ఎంత దూరం పోతాయో అలా తెలుస్తుందట.

అవి వల దగ్గర దిగేది పిట్టలు పట్టే లస్మయ్య ఎరగా పెట్టే దీమం కొంగను చూసి. బెదిరిపోకుండా దాని కనురెప్పలు దారంతో కుట్టి కూర్చోబెడతాడు. సారు దాన్ని దగ్గరగా ఇవాళే చూశారు.

"ఇంత పాపం ఎట్లా చేశావురా?"

"కుట్టకుంటె కూసోదు సార్. గది లేకుంటె మాకు బువ్వ లేదు."

సారు కత్తెరతో దారాలు తెంపి, కాలికి ఉంగరం తొడిగి, దాన్ని గాలిలోకి ఎగరేశారు. అది బురదలో పడింది. లస్మయ్య గొంతు విని అటే నడిచింది. సారు అతన్ని ముట్టుకోనివ్వలేదు. అదే ఎగురుతుందన్నారు. ఆయన చాయ్ తాగుతుండగా ఆయన కుక్కే దాన్ని పట్టి చంపింది.

"మీ పుణ్యం మీ కుక్కనే తిన్నది సార్," అంది లస్మయ్య భార్య పోశవ్వ.

ఉంగరం ఊడదీసి కడగమన్నారు. కడిగి డబ్బాలో వేశాను. రేపటికి ఇంకో దీమం తెమ్మని లస్మయ్యకు చెప్పమన్నారు. చెప్పాను.

"అలవాటు చెయ్యనీకె రెండేండ్లు వడ్తది. సారును జర ఆగుమను," అన్నాడు.

దీమం లేకపోతే కొంగలు దిగవు. కొంగలు దిగకపోతే సారు డేరా ఎత్తేస్తారు. అప్పుడు నా పని కూడా...

పొద్దు గుంకక ముందే లస్మయ్య, పోశవ్వ వలలు చుట్టుకొని ఖానాపూర్ దారిన వెళ్లిపోయారు.