నువ్వు వేయించుకోని టీకా

పద్మా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఎవరికీ చెప్పుకోలేనిది నీకు చెబుతున్నాను. పక్కింటి రహీమ్ భాయ్‌ని చూస్తే నాకు ఈర్ష్య.

నువ్వూ వాళ్లావిడ షమీమూ కలిసి పంజాగుట్ట క్లినిక్‌లో న్యుమోనియా టీకా వేయించుకుందామనుకున్నారు. "ఈ వయసులో టీకాలేంటి, మనమేమైనా పసిపిల్లలమా?" అని నిన్ను ఆపింది నేనే. రహీమ్ భాయ్ మాత్రం భార్యను దగ్గరుండి తీసుకెళ్లాడు. ఆ చలికాలమే నీకు న్యుమోనియా వచ్చింది.

ఈ చలికాలం షమీమ్ కూడా వారం రోజులు దగ్గింది. గోడ అవతల ఆ దగ్గు ఆగిపోయిన రోజు నేను సంతోషించలేకపోయాను. అంత నీచంగా తయారయ్యాను.

ఇవాళ పొద్దున్నే ఇద్దరూ వచ్చి తలుపు కొట్టారు.

"అన్నా, జర తయారుగాండి. టీకాకు పోదాం," అంది షమీమ్.

"ఇప్పుడు నాకెందుకమ్మా?"

"పద్మ లేదని మిమ్మల్ని గట్లనే ఇడిచిపెడ్తమా?"

అమీర్‌పేట దాటాక ఆటోలో ఉండబట్టలేక చెప్పేశాను. "నువ్వు బాగున్నందుకు ఏడాదిగా కుళ్లుకుంటున్నానమ్మా."

షమీమ్ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నాకెరుకే అన్నా. ఆ రోజు మీ మాట ఇనకుండ పద్మను గుంజుకపోతే అయిపోతుండె. నేను సుత రోజూ గదే అనుకుంటా."

టీకా వేయించుకున్నాను. క్లినిక్ మెట్లు దిగుతూ రహీమ్ భాయ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నాకు మళ్లీ కడుపు మండింది పద్మా. అయినా వాళ్లతో కలిసే ఇంటికి వచ్చాను.